సంతకాల పుస్తకం
అమెరికాలో పిల్లలు బేస్‌బాల్ ఆటగాళ్లచేత బంతిమీద సంతకాలు చేయించుకుంటారు. మన పిల్లలకు క్రికెట్టే లోకం. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం, ఎక్కడ రైలెక్కినా బెంగుళూరే కదా! అక్కడి చిన్నస్వామి స్టేడియంలో మొదటి టెస్టు 1974 నవంబరులో జరిగింది. వెస్టిండీస్ ఆటగాళ్లు రిచర్డ్స్, గ్రీనిడ్జ్‌లకు అదే తొలి టెస్టు. ఆనాడు ఏ కుర్రాడైనా ఆ కొత్తవాళ్ల సంతకాలు తీసుకుని ఉంటే, ఆ నోటుబుక్కు ఈనాడు ఎంత అపురూపమో! మనమేమో ఉగాదికి ఇల్లు దులుపుతూ పాతపేపర్లవాడికి వేసేస్తాం.

అలా చేయకండి. సంతకానికి ఎదుటి పేజీలో ఆటగాడి పేరు, తేదీ, ఊరు పిల్లలచేత వ్రాయించండి. ఎండ తగిలితే సిరా వెలిసిపోతుంది. సెల్లోటేపు అంటిస్తే మరక పడుతుంది. బీరువాలో ధర్మవరం చీర పక్కన దానికీ కాస్త చోటివ్వండి.