పాదం తీరు, కాలి నొప్పి

మోకాలు నొప్పి పెడితే మోకాలినే పట్టి చూస్తాము. అది సహజమే. కాని మోకాలి నొప్పికీ, ఒక్కొక్కప్పుడు తుంటి నొప్పికీ కూడ అరికాలి క్రింద కారణం ఉండవచ్చునని మనలో చాలమందికి తోచదు.

రొంపిచెర్ల, నరసరావుపేట ప్రాంతాలలో మిరపకోతలు వచ్చినవంటే స్త్రీలు ప్రొద్దుట నుండి సాయంకాలం దాకా నల్లరేగడి చేలలో వంగీ, నిలబడీ కాయలు కోస్తారు. పెళ్లలు తేలిన నేల అడుగడుగునా ఎగుడుదిగుడే. చెప్పులున్నవారు సైతం గట్టుమీద విడిచి చేలోకి దిగుతారు. ప్రొద్దు గూకేసరికి మడమలో పోటు, పిక్కలలో లాగుడు, మోకాళ్ళలో సలుపు. "వయసు మీద పడ్డది, ఏం చేస్తాం" అని కొందరు సరిపెట్టుకొంటారు. కొందరు నొప్పి బిళ్ళ మ్రింగి మరునాడు మళ్ళీ కోతకు పోతారు. ఏళ్ళ తరబడి ఆ బిళ్ళలు వాడితే జీర్ణకోశానికీ, మూత్రపిండాలకూ చేటు. కనుక నొప్పి ఎక్కడ పుట్టుతున్నదో విచారించడం అవసరం.

ఒక్కొక్క పాదంలో 26 ఎముకలున్నవి. అవి కమాను వలె అమరి ఉన్నవి. మడమ నుండి వేళ్ళ మొదళ్ళ వరకు అరికాలిలో బిగువైన పట్టీ ఒకటి సాగి ఉన్నది. వింటికి నారి యెట్లో, కమానుకు ఆ పట్టీ అట్లు. మడమ లేచి బొటనవేలు మడిగినప్పుడు ఆ నారి బిగిసి, కమాను పైకి లేచి, పాదం గట్టిపడి శరీరాన్ని ముందుకు త్రోస్తుంది. ఈ పనితీరును 1954లో హిక్స్ అనే బ్రిటిష్ వైద్యుడు విశదీకరించాడు.

అడుగు మోపగానే పాదం కొంచెం లోపలికి ఒరగడం దోషం కాదు. నేల దెబ్బను మెత్తబరచడానికి ప్రకృతి చేసిన ఏర్పాటది. ఆ ఒరుగు మితిమీరినప్పుడే చిక్కు. అప్పుడు మోకాలి క్రింది ఎముక లోపలికి తిరుగుతుంది, మోకాలు దానివెంట వాలుతుంది, మోకాలిచిప్ప తన గాడిలో సూటిగా నడవదు. ఇరుసు మీద చక్రం ఒరిగిన బండిని తోలినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. కమాను మరీ ఎత్తయిన పాదం సంగతి వేరు. అది తగినంత ఒరగదు. నేల దెబ్బ మెత్తబడకుండానే పైకి పోతుంది.

పల్నాటి ఇండ్లలో నాపరాళ్ళకు కొదువ లేదు. తడికాలితో వాటిపై ఒక అడుగు వేసి చూడండి. ముద్ర నడుమ సన్నబడితే కమాను ఉన్నట్లు. అరికాలంతా అచ్చుపడితే చదును పాదం. అంతమాత్రాన భయపడనక్కరలేదు. చదును పాదంతో జీవితమంతా నొప్పి ఎరుగక నడిచేవారు ఎందరో ఉన్నారు. చిన్నపిల్లలలో అది సామాన్యం. 1992లో ప్రకటితమైన ఒక పరిశీలనలో మన దేశపు వైద్యులు 2,300 మంది బాలబాలికల పాదముద్రలు పరీక్షించగా, చెప్పులు, బూట్లు తొడిగేవారిలో నూటికి 8.6 మందికి, వట్టికాళ్ళతో తిరిగేవారిలో నూటికి 2.8 మందికి చదును పాదాలు కనిపించినవి. పసిపిల్లలకు బిగుతు బూట్లు తొడిగి మురిసే తల్లిదండ్రులు ఈ మాట గమనింతురు గాక.

ఇక ఇన్‌సోళ్ళు. చెప్పులోనో, బూటులోనో పాదం క్రింద అమర్చే అట్ట ఇది. పాదపు అచ్చు తీసి ఒకరి కొరకే చేసేది ఒక రకం, అంగడిలో తయారుగా దొరికేది మరొక రకం. ఏదైనా ఎముకలను తిరిగి పేర్చదు. బరువును ఒకచోటి నుండి మరొకచోటికి మళ్ళిస్తుంది, మితిమీరిన ఒరుగును కొంత ఆపుతుంది. ఆస్ట్రేలియాలో మడమ నొప్పిగల 135 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు 2006లో వెలువడినవి. మూడు నెలలకు అంగడి అట్టలవల్ల, అచ్చు తీసి చేసిన అట్టలవల్ల నడకలో కొంత మేలు కనిపించింది. పన్నెండు నెలలకు ఉత్తుత్తి అట్టకూ వాటికీ చెప్పదగిన భేదం లేకపోయింది. అరిగిన మోకాళ్ళకు ఒక ప్రక్క ఎత్తు చేసిన అట్టలను సామాన్యంగా వాడవద్దనే అమెరికా కీళ్ళ వైద్యుల సంఘం 2019లో సలహా ఇచ్చింది. కనుక పెద్ద సొమ్ము పోసి అచ్చు అట్ట చేయించుకొనే ముందు, మడమ దగ్గర గట్టిగా పట్టి ఉంచే మంచి చెప్పులు, దినదినం పిక్కలను సాగదీసే వ్యాయామం, తయారుగా దొరికే అట్ట, ఈ మూడూ కొన్ని వారాలు ప్రయత్నించడం మేలని నా అభిప్రాయం. గోడకు చేతులానించి, ఒక కాలు వెనుకకు చాచి, మడమ నేలనుండి లేవకుండా ముందుకు వంగితే చాలు, పిక్క సాగుతుంది.

కొన్ని వైకల్యాలకు అట్ట చాలదు. ఆంధ్రదేశపు ఫ్లోరైడు నీటి ప్రాంతాలలో మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే వికారాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో వర్ణించారు. అక్కడ దోషం ఎముకలో ఉన్నది, త్రాగునీటిలో ఉన్నది.

మధుమేహం ఉన్నవారి సంగతి ప్రత్యేకం. వారిలో కొందరికి అరికాలి స్పర్శ సన్నగిల్లుతుంది. ముల్లు దిగినా తెలియదు, ఆనెకాయ క్రింద పుండు పడినా తెలియదు. కుష్ఠురోగుల పాదాల పుండ్లకు మూలం స్పర్శ లేకపోవడమేనని వెల్లూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ గుర్తించి, వారికి మెత్తని సూక్ష్మరంధ్ర రబ్బరు చెప్పులు వాడుకలోకి తెచ్చాడు. ఎం.సి.ఆర్. చెప్పులని నేడు మధుమేహులకు ఇచ్చేవి ఆ జాతివే. అట్టివారు వట్టికాళ్ళతో చేలోకి దిగరాదు. రాత్రి పడుకొనే ముందు అద్దం నేలపై ఉంచి రెండు అరికాళ్ళూ చూచుకోవలెను. ఎరుపుగాని, పొక్కుగాని కనిపిస్తే మరునాడే ఆసుపత్రికి పోవలెను.