మరొక తల్లి పాలు

బిడ్డ నెలలు నిండకుండానే భూమి మీద పడింది. తూకం కిలోన్నర లేదు. పాలు కుడిచే శక్తి ఇంకా రాలేదు. శస్త్రచికిత్స జరిగి మరొక గదిలో ఉన్న తల్లికి పాలు పడలేదు. ఢిల్లీలోని పెద్ద ఆసుపత్రులలో ఇది అరుదయిన దృశ్యమేమీ కాదు. “మా అమ్మాయి తోడికోడలు కూడా బాలెంతే. ఆమె పాలు పట్టకూడదా?” అన్న ప్రశ్న అటువంటి సమయంలో ఏ అమ్మమ్మకయినా తోస్తుంది.

ప్రశ్న సహజమే. దాది పాలతో బిడ్డలను పెంచడం మన దేశానికి కొత్త కాదు. పాలను నీటిలో కలిపి, వాటి గుణదోషాలను పరీక్షించాలని సుశ్రుతుడు ఆనాడే చెప్పాడు. పరీక్షించనిదే పట్టరాదన్న నియమం నేటికీ మారలేదు. మారినది పరీక్షా విధానమే.

ఆరోగ్యంగా కనిపించే తల్లి పాల ద్వారా సైతం హెచ్‌.ఐ.వి. వంటి వ్యాధులు బిడ్డకు సంక్రమించవచ్చు. పాలు పిండిన చేతులు, పట్టిన పాత్రలు శుభ్రంగా లేకపోతే సూక్ష్మజీవులు చేరుతాయి. నిండు నెలల బిడ్డ తట్టుకోగలిగినది ఈ పసికందుకు ప్రాణాంతకం కావచ్చు.

అలాగని డబ్బాపాలు నిరపాయమయినవి కావు. వాటిని పట్టిన నెలతక్కువ శిశువులలో, ప్రేగుల గోడలు చచ్చుబడే ఘోరవ్యాధి వచ్చే అవకాశం హెచ్చు. దానంగా లభించిన తల్లిపాలు ఆ ప్రమాదాన్ని తగ్గిస్తాయి. కన్నతల్లి పాలు దొరకనప్పుడు, శుద్ధిచేసిన దాతల పాలే తరువాతి మార్గమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

ఇటువంటి పాలనిధి ప్రపంచంలో మొదట 1909లో వియన్నాలో వెలసింది. మన దేశంలో 1989లో బొంబాయిలోని సయాన్ ఆసుపత్రిలో డాక్టర్ అర్మిడా ఫెర్నాండెజ్ దీనికి శ్రీకారం చుట్టారు. ఢిల్లీ లేడీ హార్డింజ్ వైద్య కళాశాలలో నార్వే సహకారంతో ‘వాత్సల్య మాతృ అమృత్ కోశ్’ 2017లో ప్రారంభమయింది. అదే సంవత్సరం హైదరాబాదు నీలోఫర్ ఆసుపత్రిలో ‘ధాత్రి’ నెలకొన్నది. ధాత్రి అంటే దాది. భూమి అని కూడా అర్థం.

తన బిడ్డకు సరిపోగా మిగిలిన పాలనే తల్లి ఇస్తుంది; ప్రతిఫలం ఉండదు. ముందుగా ఆమె ఆరోగ్య చరిత్ర తెలుసుకుంటారు. హెచ్‌.ఐ.వి., హెపటైటిస్–బి, సిఫిలిస్ లేవని రక్తపరీక్షతో నిర్ధారిస్తారు. పొగాకు, మత్తుపదార్థాలు వాడేవారి పాలు స్వీకరించరు. సేకరించిన పాలను 62.5 డిగ్రీల సెల్సియస్ వద్ద 30 నిమిషాలు వేడిచేసి, వెంటనే చల్లబరుస్తారు. ఆపైన నమూనాను ప్రయోగశాలకు పంపుతారు. అందులో సూక్ష్మజీవులు పెరిగితే ఆ పాలను పారబోయవలసిందే. నిర్దోషమని తేలినవాటిని మైనస్ 20 డిగ్రీల చలిలో భద్రపరచి, వైద్యుని ఆదేశం మీద, సన్నని గొట్టం ద్వారా కొద్దికొద్దిగా శిశువుకు అందిస్తారు.

ఈ వేడికి కొన్ని రక్షకపదార్థాలు నశిస్తాయి. కనుకనే కన్నతల్లి పాలకు ఇవి సాటి రావు. పాలు పడేందుకు ఆ తల్లికి తోడ్పడడం కూడా ఈ కేంద్రాల విధి. ప్రసవమయిన కొద్ది గంటలలోనే పిండడం మొదలుపెట్టి, రాత్రింబవళ్ళు తరచుగా పిండుతూ ఉంటే చాలామందికి పాలు పడతాయి.

తల్లిపాలను సరుకుగా అమ్మేవారూ లేకపోలేదు. అది చట్టసమ్మతం కాదని ఆహార భద్రతా ప్రాధికార సంస్థ 2024లో హెచ్చరించింది. అమ్మమ్మ ప్రశ్నకు సమాధానం ఇదే: మరొక తల్లి పాలు పట్టవచ్చు, కాని అవి పాలనిధి గడప దాటి రావాలి. కన్నతల్లి రొమ్మున ముర్రుపాలు చిప్పిల్లిన నాడు దాత పాలు తప్పుకుంటాయి. అవి ఆశించేదీ ఆ రోజునే.