తెడ్డుమూతి బుడతలు

గుడ్డు పగలగొట్టుకుని బయటపడ్డ పిల్ల మహా అయితే పెద్ద తుమ్మెదంత ఉంటుంది. ఒళ్లంతా నూగు, చీపురుపుల్లల్లాంటి కాళ్లు. ముక్కు చివర మాత్రం పుట్టుకతోనే చిన్న చెంచా! కొల్లేట్లో తెడ్డుమూతి కొంగను చూసినవాళ్లు ఆ ముక్కును పిచ్చుకంత పిట్టకు అతికించి చూసుకోండి. ఇది కొంగ కాదు, ఉల్లంకి పిట్టల జాతి. పెరిగి పెద్దయినా బరువు సుమారు 30 గ్రాములే.

పుట్టిల్లు రష్యా ఈశాన్యపు కొసన ఉన్న చుకోత్కా. చెట్టన్నది కనబడని టండ్రా నేల. మంచు కరగ్గానే జంటలు వచ్చి వాలతాయి, నాచులో చిన్న గుంట చేసుకుని నాలుగేసి గుడ్లు పెడతాయి. పిల్లలు పుట్టిన మర్నాటికే సొంతంగా పురుగులు ఏరుకు తింటాయి. తల్లి తొందరగానే దక్షిణాదికి ఎగిరిపోతుంది. కాపలా తండ్రిదే. ఇరవై రోజులకు పిల్లలకు రెక్కలొస్తే అతనూ వెళ్లిపోతాడు. ఇక మయన్మార్, బంగ్లాదేశ్ బురద తీరాల దాకా 8,000 కిలోమీటర్లు. దారి చెప్పేవాళ్లు లేరు. ఆ పసికూనలు తమంతట తామే బయల్దేరతాయి!

అసలు గండం ఆ ఇరవై రోజులదే. నక్కలు, దొంగ పక్షులు, ఎముకలు కొరికే వాన. ఇరవై గుడ్లు పెడితే రెక్కలొచ్చేది మూడింటికే. దారిలోనూ సుఖం లేదు. ఇవి ఆగి మేసే దక్షిణ కొరియా తీరంలో సేమంగుమ్ దగ్గర 33 కిలోమీటర్ల గోడ కట్టి 2006లో సముద్రానికి అడ్డం వేశారు. మయన్మార్‌లో వేటగాళ్ల వలలు సరేసరి.

అందుకే 2012లో రష్యా పక్షి నిపుణులు, బ్రిటన్‌లోని వైల్డ్‌ఫౌల్ అండ్ వెట్‌ల్యాండ్స్ ట్రస్టు వాళ్లు కలిసి మేయ్నిపిల్గినో అనే పల్లెలో మకాం వేశారు. గూళ్లలోంచి గుడ్లు తీసుకొచ్చి ఇంక్యుబేటర్లో పొదిగించారు. తొలి గుడ్లు పోగొట్టుకున్న జంట మళ్లీ పెట్టే అవకాశం ఉంది గనక, ఈ దొంగతనం అంత పాపమేమీ కాదు. పిల్లల్ని నక్క చొరబడని వలపందిరి కింద పెంచి, కాలికి చిన్న జెండా తొడిగి వదిలేశారు. మొదటి ఏడాది అలా ఎగిరినవి తొమ్మిది.

అమెరికాలో హూపింగ్ క్రేన్ అనే కొంగ పిల్లలకు వలస దారి చూపడానికి మనుషులు బుల్లి విమానాలెక్కి ముందు ఎగరవలసి వచ్చింది. ఈ బుడతలకు ఆ అవసరమే లేదు. ఏ దిక్కుకు పోవాలో, ఎక్కడ వాలాలో గుడ్డులోనే నేర్చుకు వస్తాయి కాబోలు. ఆకలికీ నక్కకూ చిక్కకుండా ఆ ఇరవై రోజులు గట్టెక్కిస్తే చాలు.

రెండేళ్లు గడిచాయి. 2014 వేసవిలో అదే టండ్రా మీద దుర్భిణీలో ఒక ఉల్లంకి కనబడింది. దాని కాలికి జెండా ఉంది.