పాత అంబాసిడర్‌కు డిస్కు బ్రేకులా? ముందు పిన్నులు చూడండి

పెళ్లిళ్ల ముహూర్తాలు రాగానే పల్లెల్లో పాత అంబాసిడర్ కార్లు ముస్తాబవుతుంటాయి. ఇంగ్లండు మారిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై 1950ల చివర మొదలైన ఈ కారు తయారీ 2014లో కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో నిలిచిపోయింది. అయినా మోజు తగ్గలేదు. ముందు చక్రాల డ్రమ్ములు తీయించి డిస్కు బ్రేకులు వేయించాలని కొందరు యజమానులు ఉబలాటపడుతున్నారు.

కోరిక సబబైనదే. పాత మోడళ్లలో నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్ వంటి చోట నిండా జనంతో దిగుతూ పదే పదే బ్రేకు తొక్కితే డ్రమ్ము కాగి సాగుతుంది, లైనింగు పట్టు సడలుతుంది. ఎంత తొక్కినా బండి ఆగదు. వాగు దాటాక డ్రమ్ములో నీరు చేరినా ఇదే తంతు. డిస్కు బయటికి ఉంటుంది గనుక గాలికి చల్లారుతుంది, తడి త్వరగా వదిలించుకుంటుంది.

అయితే బ్రేకు తొక్కగానే బండి బరువు ముందు చక్రాల మీదికి వాలుతుంది. అంబాసిడర్ ముందు భాగంలో ఆ బరువు మోసేవి మెలి తిరిగే ఉక్కు కడ్డీలు, అంటే టార్షన్ బార్లు. చక్రం మలుపు తిరగడానికి ఆధారమైన స్వివెల్ పిన్నులు మరలున్న బుష్షుల్లో కూర్చుంటాయి. గ్రీజు అందకపోతే మరలు అరిగి, ఏదో ఒక రోజు పిన్ను ఊడి చక్రం పక్కకు మడత పడుతుంది. అలా రోడ్డు పక్కన కూలబడ్డ అంబాసిడర్లను మన పెద్దలు చాలానే చూశారు. అరిగిన పిన్నులపై గట్టి బ్రేకు బిగించడమంటే ఆ రోజును దగ్గరికి పిలవడమే.

పరీక్ష తేలికే. జాకీ ఎత్తి, కింద గట్టి స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఊగితే మరొకరిని బ్రేకు తొక్కమనాలి. ఊపు ఆగితే బేరింగు వదులైనట్టు, ఆగకపోతే పిన్నులో, బుష్షులో అరుగుదల ఉన్నట్టు. షాకబ్జరు నుంచి ఆయిలు కారుతున్నా ముందు అదే బాగు చేయించాలి.

ఇక డిస్కుల సంగతి. చివరి రోజుల అంబాసిడర్లకు ముందు డిస్కులు వచ్చాయి గనుక తుక్కుకు పోయిన ఆ కార్ల సామాను వెతికి బిగిస్తున్నారు. డిస్కుకు కాలి బలం ఎక్కువ కావాలి, కనుక బూస్టరు తప్పదు. పెట్రోలు ఇంజనులో బూస్టరుకు కావలసిన వాక్యూం దానంతటదే దొరుకుతుంది. డీజిలు బండికి వేరే వాక్యూం పంపు ఉండాలి. ఇది మరిచి బూస్టరు బిగిస్తే అది ఉత్త డబ్బా. డ్రమ్ముల కోసం చేసిన పాత మాస్టరు సిలిండరు పైపులో కొంత ఒత్తిడి నిలిపి ఉంచుతుంది. దాన్నే వాడితే డిస్కు ప్యాడ్లు వదలక రాసుకుంటూ కాగిపోతాయి. ముందుకూ వెనక్కూ వేరు వేరు దారులున్న సిలిండరు వేయిస్తే ఒక పైపు పగిలినా రెండోది బండిని ఆపుతుంది. వెనుక డ్రమ్ములు ఉంచవచ్చు. కాని అవి ముందు వాటికన్నా ముందే పట్టేస్తే బండి తోక తిరుగుతుంది.

పని అయ్యాక పెళ్లివారిని ఎక్కించుకునే ముందు ఖాళీ మైదానంలో నెమ్మదిగా నడిపి, బండి ఒక పక్కకు లాగుతోందేమో చూడాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీలుస్తుంది కనుక రెండేళ్లకోసారి మార్పించాలి. ఈ మార్పులకు అనుమతి కావాలా అన్నది పని మొదలుపెట్టక ముందే రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.