కాఫీ ధరలో వాతావరణ చరిత్ర

1975 జూలై 17, 18 తేదీల్లో దక్షిణ ధ్రువ ప్రాంతం నుంచి వీచిన శీతల వాయురాశి బ్రెజిల్‌లోని పరనా రాష్ట్రాన్ని ఆవరించింది. ఆకుల కణజాలంలోని నీరు గడ్డకట్టి, కాఫీ తోటలు నల్లగా మాడిపోయాయి. బ్రెజిల్ రైతులు దీనిని ‘నల్ల తుషారం’ అని పిలుస్తారు. ఆ దేశపు కాఫీకి పరనా అప్పట్లో ప్రధాన కేంద్రం. మరుసటి సంవత్సరం అక్కడ కోత దాదాపు లేదనే చెప్పాలి. తుషారానికి ముందు అంతర్జాతీయ విపణిలో పౌను ఒక డాలరు కన్నా తక్కువ పలికిన కాఫీ, 1977 నాటికి 3 డాలర్లు దాటింది.

ఈ నష్టాన్ని కేవలం ప్రకృతి వైపరీత్యంగా పరిగణించలేము. అరబికా కాఫీకి 18 నుంచి 22 డిగ్రీల సెల్సియస్ సగటు ఉష్ణోగ్రత అనుకూలం. తుషారాన్ని అది తట్టుకోలేదు. పరనా కాఫీ ప్రాంతమేమో మకరరేఖ పరిసరాల్లో, ఈ పంటకు అనువైన మండలపు దక్షిణపు అంచున ఉంది. సారవంతమైన ఎర్రనేలలు, ఆకర్షణీయమైన ధరలు పంటను ఆ అంచు వరకు నడిపించాయి. అంటే వాతావరణ ముప్పుకు బీజం వేసింది వాణిజ్యమే.

వాణిజ్యం మరో బలహీనతను కూడా సృష్టించింది. ఇథియోపియా అడవుల్లో పుట్టిన అరబికా యెమెన్ మీదుగా, డచ్చి వర్తకుల ద్వారా జావాకు, అక్కడి నుంచి ఆమ్‌స్టర్‌డామ్ ఉద్యానవనానికి చేరింది. 1714లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగవ లూయీకి కానుకగా అందిన మొక్క కూడా ఆ సంతతిదే. అమెరికా ఖండాల తోటలు ఇలాంటి కొద్దిపాటి మొక్కల నుంచే విస్తరించాయి. అరబికాది స్వపరాగ సంపర్కం కావడంతో జన్యు వైవిధ్యం మరింత కుంచించుకుపోయింది.

ఆ సంకుచితత్వానికి తొలి మూల్యం చెల్లించింది సిలోన్. 1869లో అక్కడ ఆకు తుప్పు తెగులు కనిపించింది. దీనికి కారణమైన శిలీంధ్రపు సిద్ధబీజాలు మొలకెత్తాలంటే ఆకుపై నీటి తడి ఉండాలి. రుతుపవనాల తేమ ఆ అవకాశాన్ని కల్పించింది. ఎడతెగని ఏకపంట తోటలు తెగులుకు దారి చూపాయి. రెండు దశాబ్దాలు గడిచేసరికి కాఫీ స్థానాన్ని తేయాకు ఆక్రమించింది.

1975 తరువాత బ్రెజిల్ కాఫీ ఉత్తరానికి, ముఖ్యంగా మినాస్ జెరాయిస్ రాష్ట్రానికి తరలింది. పరనాలో సోయాచిక్కుడు, గోధుమ విస్తరించాయి. తుషారపు ముప్పు తగ్గినా సమస్య తీరలేదు. 2014లో ఆగ్నేయ బ్రెజిల్‌ను తీవ్ర వర్షాభావం పీడించింది. 2021లో వర్షాభావానికి తోడు జూలై తుషారం కూడా మినాస్ తోటలను దెబ్బతీసింది. చలి నుంచి తప్పుకొన్న పంట కరవుకు చిక్కింది.

ప్రపంచ కాఫీలో సుమారు మూడో వంతు బ్రెజిల్ నుంచే వస్తుంది. అందువల్ల మినాస్‌లో వాన కురవకపోతే, అరకు లోయలోని గిరిజన రైతుకు దక్కే ధర కూడా మారుతుంది. ధర పెరిగిన ఏడాది కొత్త తోటలు వేయాలన్న ఉత్సాహం సహజం. కానీ మొక్క కాపుకు రావడానికి మూడు, నాలుగేళ్లు పడుతుంది. ఆలోపు బ్రెజిల్ తోటలు కోలుకుంటే ధర పడిపోతుంది. నేటి ధరను చూసి నాటిన రైతు రేపటి ధరకు అమ్ముకోవలసి వస్తుంది.

కాబట్టి విస్తరణ శాస్త్రవేత్తలు కాఫీ సలహాను ధరతో కాక, తోట నిలకడతో ప్రారంభించడం సముచితం. సిల్వర్ ఓక్ నీడ, దానిపై పాకే మిరియం వంటి మిశ్రమ విధానాలు ఎండ తీవ్రతను తగ్గిస్తాయి. ఒక పంట ధర పడిపోయినా రెండో ఆదాయాన్ని నిలుపుతాయి. తుప్పును తట్టుకునే వంగడాలను ఒకటికి పరిమితం చేయకుండా, రెండు మూడింటిని కలిపి నాటించాలి. పరిశోధకుల బాధ్యత మరింత విస్తృతమైనది. అరబికా కన్నా ఎక్కువ వేడిని తట్టుకుంటూ, దానికి దీటైన రుచినిచ్చే స్టెనోఫిల్లా అనే పశ్చిమాఫ్రికా కాఫీ జాతిపై 2021లో ఫలితాలు వెలువడ్డాయి. అయితే అడవి కాఫీ జాతుల్లో సగానికి పైగా అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. మూడు శతాబ్దాల వాణిజ్యం విస్మరించిన వైవిధ్యమే రాబోయే తోటలకు ఆధారం. దానిని కాపాడే గడువు మాత్రం తరిగిపోతోంది.