దెబ్బ తగలకుండానే కడుపులో రక్తస్రావం ఎందుకు?

ధమని గోడకు మూడు పొరలు. అందులో మధ్య పొర నిండా కండర కణాలే. గుండె కొట్టుకున్న ప్రతిసారీ వచ్చే ఒత్తిడిని తట్టుకునే భారం చాలావరకు దీనిదే.

సెగ్మెంటల్ ఆర్టీరియల్ మీడియోలైసిస్ అనే అరుదైన జబ్బు సరిగ్గా ఈ పొరనే పట్టుకుంటుంది. కండర కణాల్లో చిన్న చిన్న ఖాళీలు పుట్టి, ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. చివరికి కణాలే నశిస్తాయి. అదీ ధమని పొడవునా కాదు, అక్కడ కొంత, ఇక్కడ కొంత. బలం పోయిన చోట గోడ, చిరిగిన సైకిల్ టైరులోంచి ట్యూబు తోసుకొచ్చినట్టు, బయటికి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు పగిలితే హఠాత్తుగా విపరీతమైన కడుపునొప్పి, లోపల రక్తస్రావం. పేగులకు, కాలేయానికి, మూత్రపిండాలకు వెళ్లే ధమనుల్లోనే ఇది ఎక్కువ. నడివయసు, ఆపై వయసువాళ్లలోనే ఎక్కువగా కనిపిస్తుంది.

1976లో స్లావిన్, గొంజాలెజ్-విటాలే అనే పరిశోధకులు దీన్ని తొలిసారి వర్ణించినప్పుడు ధమని వాపు జబ్బుల్లోనే చేర్చారు. అసలు మూలం వాపు కాదని తర్వాత తేలింది. ఇది చిన్న తేడా కాదు. వాపు జబ్బయితే స్టెరాయిడ్లు ఇస్తారు, ఇక్కడ వాటితో మేలు జరగదు.

మరి రక్తస్రావాన్ని ఆపేదెలా? సీటీ యాంజియోగ్రామ్‌తో ఉబ్బు ఎక్కడుందో చూస్తారు. తరచుగా తొడ దగ్గరి ధమనిలోంచి సన్నని గొట్టాన్ని అక్కడిదాకా పంపి, లోహపు తీగచుట్టలతో రక్తం పోయే దారిని మూసేస్తారు. పగలని చిన్న ఉబ్బులు కొన్ని వాటంతటవే తగ్గిపోతాయి. అందుకే అన్నిటికీ తీగచుట్టలు పెట్టరు. కొన్నాళ్లకోసారి స్కాన్ తీసి గమనిస్తుంటారు.