పాత గనిలో గాలి ఏమవుతుంది?

రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోని హట్టిలో ఇప్పటికీ బంగారం తవ్వుతున్నారు. 1947లో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో మొదలైన సంస్థే ఆ గనిని నడుపుతోంది. అయితే అక్కడి తవ్వకాలు చాలా పాతవి. లోపల దొరికిన కర్రలను రేడియోకార్బన్ పద్ధతిలో పరీక్షిస్తే, వాటి వయసు దాదాపు రెండు వేల ఏళ్లని తేలింది.

పేలుడు మందు లేని రోజుల్లో అంత గట్టి రాయిని ఎలా పగలగొట్టారు? రాతి పక్కన మంట పెట్టేవారు. వేడికి రాయి వ్యాకోచిస్తుంది. వెంటనే నీళ్లు చల్లితే పైపొర గబుక్కున కుంచించుకుపోతుంది, లోపలి భాగం మాత్రం వేడిగానే ఉంటుంది. ఆ లాగుడుకు రాయి పగుళ్లు తీస్తుంది. ఇక సుత్తి, ఉలి చాలు. ఆ పొగలో, ఆ చీకట్లో పనిచేసినవాళ్ల పేర్లు మిగల్లేదు. వాళ్ల నేర్పు మాత్రం అబ్బురమే!

మరి స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని, వదిలేసిన గనిలోకి దిగి చూడొచ్చా? వద్దు. పనిచేసే గనిలో పెద్ద ఫ్యాన్లు గాలిని ఆడిస్తూ ఉంటాయి. గని మూతపడితే అవీ ఆగిపోతాయి. బంగారు రాయిలో తరచూ గంధకం కలిసిన ఖనిజాలుంటాయి. తేమ తగిలితే అవి గాలిలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటాయి. కుళ్లే కర్ర కూడా అంతే, పైగా కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. అది గాలి కన్నా బరువు, అందుకే అడుగున చేరుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ముందు వెళ్లినవాడు స్పృహ తప్పితే, కాపాడబోయిన రెండోవాడూ అక్కడే పడిపోతాడు.

గని లోపల ఎలా ఉంటుందో చూడాలనుందా? కోల్‌కతాలోని బిర్లా సాంకేతిక మ్యూజియంలో నమూనా బొగ్గు గని కట్టారు. మీ నేస్తంతో కలిసి అందులోకి నిర్భయంగా వెళ్లండి.